బ్యోబ్లింగెన్‌లో ఒక తెలుగు ఇల్లు: మెట్ల వంతు నుంచి కీటా గేటు దాకా

జర్మనీలో స్టుట్‌గార్ట్ చుట్టుపక్కల స్థిరపడుతున్న తెలుగు కుటుంబాల్లో మళ్ళీ మళ్ళీ ఎదురయ్యే పరిస్థితులను ఒకే కుటుంబంగా కూర్చి రాసిన కేసు ఇది. భర్త హైదరాబాద్ నుంచి బ్లూ కార్డ్ (చదువు, నైపుణ్యం ఉన్న విదేశీ ఉద్యోగులకు ఇచ్చే నివాస అనుమతి) మీద వచ్చిన సాఫ్ట్‌వేర్ ఇంజనీర్. భార్య ఎంటెక్ చదివి, ఉద్యోగం వదిలి వచ్చింది. పాపకు నాలుగేళ్ళు. బ్యోబ్లింగెన్‌లో మూడంతస్తుల భవనం, అంతస్తుకు రెండు చొప్పున ఆరు ఇళ్ళు. వీళ్ళది రెండో అంతస్తు.

సలహా కోసం మా దగ్గరికి వచ్చినప్పుడు వాళ్ళ చేతిలో భవన నిర్వహణ సంస్థ పంపిన ఉత్తరం ఉంది. అందులో మూడు ఫిర్యాదులు. మెట్లు తుడిచే వంతు పాటించడం లేదు. ఆదివారాలు పొద్దున యంత్రం శబ్దం వస్తోంది. చెప్పుల స్టాండు మెట్లదారిలో పెట్టారు. ఇల్లు మారిపోదామని భర్త అప్పటికే నిర్ణయానికి వచ్చాడు. భార్య బాధ వేరు. ఎదురింటి పెద్దావిడ రోజూ పలకరిస్తూనే ఉంది, ఒక్క మాట ముందు తమకే చెప్పకుండా నిర్వహణ సంస్థకు ఎందుకు రాసినట్టు?

ఆ ప్రశ్నకు జవాబు వాళ్ళ కిటికీ గట్టు మీదే ఉంది.

తలుపుకు వేలాడిన పలక

ఈ ప్రాంతంలో కేర్‌వోఖె అనే పద్ధతి ఉంది. వారానికొకరు చొప్పున వంతులవారీగా భవనం శుభ్రం చేయడం. చిన్న వంతు అంటే మీ అంతస్తు ముందున్న చోటు, అక్కణ్ణించి కింది అంతస్తు దాకా మెట్లు. ఇది ఎదురెదురు ఇళ్ళ మధ్య తిరుగుతుంది. పెద్ద వంతు అంటే ప్రవేశద్వారం, నేలమాళిగ మెట్లు, చెత్తడబ్బాల చోటు, ఇంటి ముందు కాలిబాట. ఇది ఆరు ఇళ్ళకూ తిరుగుతుంది. చలికాలంలో మంచు తొలగించడం కూడా పెద్ద వంతులోనే. వంతు ఎవరిదో చెప్పడానికి ఒక చిన్న పలక ఉంటుంది. వారం పూర్తిచేసినవాళ్ళు దాన్ని తర్వాతివాళ్ళ తలుపుకు తగిలిస్తారు.

వీళ్ళ తలుపుకూ తగిలించారు. అదేమిటో తెలియక తీసి కిటికీ గట్టు మీద పెట్టారు. వంతు అక్కడే ఆగిపోయింది. నెలల తరబడి ఎదురింటావిడ తన వారమూ వీళ్ళ వారమూ తానే తుడిచింది. ఆవిడ దృష్టిలో పలక తగిలించడమే చెప్పడం. చెప్పినా పట్టించుకోలేదంటే ఇక రాతపూర్వకంగానే అడగాలి. మన దృష్టిలో చెప్పడమంటే తలుపు కొట్టి నోటితో చెప్పడం. ఇద్దరిదీ మర్యాదే, కాకపోతే ఒకరి మర్యాద ఇంకొకరికి కనబడలేదు.

అద్దె ఒప్పందం తెప్పించి చూశాం. భవన నియమావళి దానికి జతచేసే ఉంది, వంతు గురించి స్పష్టంగా రాసి ఉంది. అద్దెతో పాటు కట్టే నిర్వహణ ఖర్చులో శుభ్రత కలిసే ఉందని వీళ్ళు అనుకున్నారు. కొన్ని భవనాల్లో నిజంగానే కలిసి ఉంటుంది, మనిషిని పెట్టి తుడిపిస్తారు. అందుకే ఇంట్లో దిగిన మొదటి వారమే నియమావళిని అనువాద యాప్‌లో పెట్టయినా ఆసాంతం చదవాలి. వంతు ఎవరిది, ప్రశాంతంగా ఉండాల్సిన వేళలేవి, మెట్లదారిలో ఏం పెట్టకూడదు అనే మూడు సంగతులూ అందులోనే ఉంటాయి.

తర్వాతి పని ఉత్తరానికి జవాబు రాయడం కాదు, గంట కొట్టడం. శనివారం సాయంత్రం నాలుగు ప్రాంతంలో వెళ్ళమన్నాం. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా చాలామంది పెద్దవాళ్ళు విశ్రాంతి తీసుకుంటారు, అప్పుడు వద్దు. చేతిలో చిన్న చాక్లెట్ పెట్టె చాలు. మొదటిసారి ఇంట్లో వండినది వద్దు. ఎవరికి దేనితో అలర్జీ ఉందో తెలియదు, డబ్బా తిరిగి ఇవ్వాలన్న మొహమాటం కూడా వాళ్ళకు ఉంటుంది. ఇద్దరూ కలిసి వెళ్ళాలి. మాట్లాడేది మాత్రం భార్య. రోజూ మెట్ల మీద ఎదురుపడేది ఆమే కాబట్టి. ముందే కాగితం మీద రాసుకుని నేర్చుకున్న జర్మన్ వాక్యాలు మూడే: మాకు ఈ పద్ధతి తెలియదు, క్షమించండి. ఇక నుంచి మా వంతు మేం చేస్తాం. ఎలా చేయాలో ఒకసారి చూపిస్తారా?

మూడో వాక్యం కీలకం. క్షమాపణ ఒక్కటే అయితే అక్కడితో ముగిసిపోతుంది. చూపించమని అడిగితే ఆవిడకు ఒక పాత్ర దొరుకుతుంది. నేలమాళిగలో చీపురు ఏ అలమరలో ఉందో, ఏ గుడ్డ కటకటాలకో, ఏది కిటికీ గట్టుకో ఆవిడ దగ్గరుండి చూపించింది.

చేసే తీరులోనూ ఒక చిక్కుంది. మన ఇళ్ళలో మెట్లు కడగడమంటే బకెట్‌తో నీళ్ళు కొట్టి చీపురుతో తోయడం. ఇక్కడి మెట్లకు నీళ్ళు పోయే దారి ఉండదు, అవి అంచుల నుంచి కింది గోడకు దిగుతాయి. ముందు పొడి చీపురు, తర్వాత అర బకెట్ నీళ్ళలో ముంచి గట్టిగా పిండిన మాప్, పై మెట్టు నుంచి కిందికి. శనివారం సాయంత్రంలోపు పూర్తిచేసి పలక ఎదురింటికి తగిలించాలి. సంక్రాంతికో పెళ్ళికో నాలుగైదు వారాలు ఇండియా వెళ్తున్నప్పుడు ముందే వంతు మార్చుకోవాలి. చెప్పకుండా వెళ్ళిపోతే సంపాదించుకున్న మంచిపేరంతా ఆ నెలలోనే పోతుంది.

ఆదివారం శబ్దం వెట్ గ్రైండర్‌ది. వారానికి సరిపడా దోసెల పిండి ఆదివారం పొద్దున రుబ్బడం అలవాటు. ఇక్కడ రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా, ఆదివారాలూ సెలవు రోజులూ అయితే రోజంతా ప్రశాంత వేళ. డ్రిల్లింగ్ కూడదు, గాజు సీసాలు వీధి డబ్బాలో వేయడమూ కూడదు. గ్రైండర్‌ను శనివారానికి మార్చి, కింద మందపాటి రబ్బరు పరిచారు. గాలిలో వచ్చే మోత కన్నా నేల గుండా కింది ఇంటికి దిగే అదురు ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. పోపు వాసన విషయంలో ఫిర్యాదు రాలేదు గానీ ఒక జాగ్రత్త చెప్పాం. పొగ పోవడానికి మెట్లదారి వైపు తలుపు తెరవొద్దు, బయటి కిటికీలు పూర్తిగా బార్లా తీసి ఐదు పది నిమిషాలు ఉంచాలి. చలికాలంలోనూ రోజుకు రెండు మూడుసార్లు అలా గాలి ఆడనివ్వకపోతే గోడలకు బూజు పడుతుంది, అప్పుడు తగాదా ఇంటి యజమానితో.

చెప్పుల స్టాండు లోపలికి వెళ్ళింది. నిప్పంటుకుంటే అందరూ దిగాల్సిన దారి అది.

తెలుగు వలయం ఏం ఇచ్చింది, ఏం ఆపింది

గెర్లింగెన్‌లో బాష్ ప్రధాన కార్యాలయం, సిండెల్‌ఫింగెన్‌లో మెర్సిడెస్ కర్మాగారం, వాటి చుట్టూ సాఫ్ట్‌వేర్ అందించే కంపెనీలు. ఈ ప్రాంతానికి తెలుగువాళ్ళు వచ్చేది ఎక్కువగా వీటి కోసమే. వచ్చిన మొదటి నెలలో తెలుగు వాట్సాప్ గ్రూపును మించిన ఆసరా లేదు. అద్దె ఇల్లు, పిల్లల డాక్టరు, సెకండ్ హ్యాండ్ మంచం, కందిపప్పు దొరికే కొట్టు, చిరునామా నమోదుకు కావాల్సిన కాగితాలు, అన్నీ అక్కడే దొరుకుతాయి. కొత్త దేశంలో బాలింతకు పత్యం వండి పంపేది ఆ ఇళ్ళే. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్ళు ఒంటరితనం ఎంత కష్టమో చూడనివాళ్ళు.

ఇబ్బంది రెండో ఏడు మొదలవుతుంది. ఈ కుటుంబం వారాంతాల లెక్క రాయించాం. నెలలో నాలుగు వారాంతాలుంటే మూడు తెలుగు ఇళ్ళలోనే గడుస్తున్నాయి. జర్మన్లు కలవరు, చీటికీమాటికీ పోలీసులను పిలుస్తారు అన్న మాటలు అక్కడ వినడమే తప్ప వీళ్ళకు స్వయంగా ఎదురైన సంఘటన ఒక్కటీ లేదు. అలాంటి మాటలు మనిషి అడుగును ఆపేస్తాయి. ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాలి. ఇంటిపేరు అడిగి, ఊరు అడిగి కులం ఆరా తీసే అలవాటు విమానం ఎక్కి ఇక్కడికీ వచ్చింది. ఎవరు ఇల్లు కొన్నారు, ఎవరికి పర్మనెంట్ రెసిడెన్సీ వచ్చింది అన్న పోలికలూ వచ్చాయి. ఆ భార్య కొన్ని విందులకు వెళ్ళడం ఇష్టంలేక కూడా వెళ్తోంది. వెళ్ళకపోతే పాప ఆడుకోవడానికి ఎవరూ ఉండరని.

భాష విషయంలో చట్టంలోని ఒక వెసులుబాటే చిక్కయింది. జర్మనీకి జీవితభాగస్వామిగా వచ్చేవాళ్ళు మామూలుగా వీసాకు ముందే ఏ1 స్థాయి, అంటే మొదటి మెట్టు జర్మన్ చూపాలి. బ్లూ కార్డ్ ఉన్నవాళ్ళ భార్యకో భర్తకో అది అక్కర్లేదు, వచ్చిన రోజు నుంచి ఉద్యోగం చేసుకునే హక్కూ ఉంటుంది. దాంతో చాలామంది ఒక్క ముక్క రాకుండా దిగుతారు. ఆఫీసులో ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు. మూడో చోటు అంటూ లేకపోతే మూడో భాషకు పని ఉండదు.

తెలుగు వలయం వదులుకోమని మేం ఎవరికీ చెప్పం. ఈ కుటుంబానికి చెప్పింది ఒక్కటే: నెలలో రెండు వారాంతాలు తెలుగువాళ్ళకు, ఒకటి పాప తోటిపిల్లల ఇళ్ళకు, ఒకటి ఇంటికి. ఉగాదీ బతుకమ్మా ఎలాగూ ఉంటాయి.

మధ్యలో ఉన్న మనుషులు

వచ్చేవాళ్ళందరూ అడిగేది జర్మన్లతో స్నేహం ఎలా చేయాలని. మా అనుభవంలో స్థానిక కుటుంబాల దాకా దారి తరచుగా వేరే దేశాల నుంచి వచ్చినవాళ్ళ గుండానే పోతుంది. ఈ కేసులో కీటా, అంటే కిండర్‌గార్టెన్, ఆ దారి తెరిచింది.

కీటాలో పిల్లను మొదటిరోజే వదిలి రానివ్వరు. అలవాటు చేసే కాలం ఒకటి ఉంటుంది. బెర్లిన్ నమూనా అని పిలిచే పద్ధతిలో మొదటి మూడు రోజులు తల్లో తండ్రో పక్కనే కూర్చుంటారు, నాలుగో రోజు తొలిసారి కాసేపు బయటికి వెళ్తారు. మొత్తం రెండు నుంచి నాలుగు వారాలు. భర్తలు సాధారణంగా దీన్ని వృథా కాలం అనుకుంటారు. నిజానికి ఆ వారాల్లో బయట బల్ల మీద కూర్చునే తల్లులే తర్వాత ఏళ్ళ తరబడి ఉపయోగపడతారు. ఈమె పక్కన ఒక పోలిష్ తల్లి, ఒక ఉక్రెయిన్ తల్లి, ఇక్కడే పుట్టి పెరిగిన టర్కిష్ కుటుంబం అమ్మాయి కూర్చున్నారు. అందరికీ ఉమ్మడిగా ఉన్నది జర్మనే. మొదటి ఇద్దరిదీ తప్పుల తడకే. తప్పులు దిద్దేవాళ్ళు లేనిచోట నోరు తొందరగా తిరుగుతుంది. జర్మన్ కోర్సులో రెండు నెలలుగా బిగుసుకుపోయిన ఈమె ఆ బల్ల మీద మాట్లాడటం మొదలుపెట్టింది.

టర్కిష్ అమ్మాయితో స్నేహం కుదిరింది జెలటిన్ దగ్గర. ఇక్కడి జెల్లీ మిఠాయిల్లో చాలావాటికి పంది జెలటిన్ వాడతారు. ఈమె శాకాహారి కాబట్టి పొట్లం వెనక చదువుతుంది, ఆమె హలాల్ కోసం చదువుతుంది. ఏ బ్రాండ్ పనికొస్తుంది, కీటా వంటగదికి ఏమని రాసివ్వాలి అన్నది ఇద్దరూ కలిసి తేల్చుకున్నారు.

ఇక్కడ తెలుగువాళ్ళు తరచుగా రెండు రకాలుగా పొరబడతారు. కార్మికులను రప్పించుకునేందుకు జర్మనీ చేసుకున్న ఒప్పందం టర్కీతో 1961లో, ఇటలీతో 1955లో జరిగింది. ఆ నియామకాలు 1973లో ఆగాయి. అంటే ఈ అమ్మాయి తాతల కాలం నుంచి ఇక్కడివాళ్ళు. ఆమె మాట్లాడేది ఇక్కడి ష్వాబియన్ యాస. మనలాగే మీరూ విదేశీయులే కదా అంటే ఆమెకు గుచ్చుకుంటుంది. జీవితమంతా విన్న మాట అది. రెండోది, టర్కిష్ కుటుంబాలుండే పేటల్లో ఇల్లు తీసుకోవద్దని తెలుగు గ్రూపుల్లో నడిచే సలహా. ఎవరో చెప్పిన భయాన్ని మోసుకుని, ఈ ఊరి పద్ధతులు అందరికన్నా బాగా తెలిసి, మన పరిస్థితి కూడా అర్థం చేసుకోగల మనుషులను దూరం చేసుకోవడం అది. నర్సులుగా 1960ల నుంచి వచ్చి స్థిరపడిన మలయాళీ కుటుంబాలు కూడా ఇలాంటివే. మన గ్రూపుల్లో వాళ్ళ పేరే రాదు.

పుట్టినరోజు

పాప నాలుగో పుట్టినరోజు మనవాళ్ళ పద్ధతిలో జరిగింది. హాలు, నలభై మంది, వాళ్ళలో కీటా కుటుంబాలు మూడు. ఆహ్వానంలో 3 గంటలని ఉంది, కేకు కోసింది ఐదింటికి. పెద్దవాళ్ళంతా తెలుగులో మాట్లాడుకున్నారు. భోజనాలు ఏడింటికి. కీటా కుటుంబాలు గంటన్నర నిలబడి వెళ్ళిపోయాయి, ఎందుకంటే ఆ పిల్లలు ఆరింటికి తిని ఏడు, ఏడున్నరకు పడుకోవాలి. వాళ్ళకు మనం నచ్చలేదని వీళ్ళు తీర్మానించుకున్నారు.

ఐదో పుట్టినరోజుకు రెండుగా విడదీయించాం. తెలుగు విందు వేరే రోజు. పిల్లల పార్టీకి ఐదుగురే, ఎందుకంటే ఎన్నో ఏడైతే అంతమందిని పిలవడం ఇక్కడ చాలా ఇళ్ళలో ఆనవాయితీ. రెండు మూడు వారాల ముందే కార్డు. దాని మీద మొదలయ్యే వేళా ముగిసే వేళా రెండూ: 3 నుంచి 6. అలర్జీలు అడిగే ఒక వాక్యం, ఫోన్ నంబరు. 3:15కి కేకు, తర్వాత ఇంటి చుట్టూ దాచిన వస్తువులు వెతికే ఆట, 5:15కి ఫ్రైస్, నూడుల్స్. వెళ్ళేటప్పుడు ఒక్కొక్కరికి చిన్న సంచి. తల్లిదండ్రులు పిల్లలను దింపి వెళ్ళిపోతే నొచ్చుకోవద్దని ముందే చెప్పాం, మీ ఇంట్లో వదిలి వెళ్ళడం నమ్మకమే. మీరు వేరే ఇంటికి వెళ్తే బహుమతి పది యూరోల చుట్టుపక్కల ఉండాలి. ఖరీదైనది ఇస్తే తిరిగి అంతా ఇవ్వాలన్న బరువు పడుతుంది. పిలిచిన పిల్లనే పంపాలి, తోబుట్టువును తీసుకెళ్ళకూడదు. పుట్టినరోజు రాకముందే శుభాకాంక్షలు చెబితే అశుభమని ఇక్కడ పట్టింపు ఉంది, అదీ గుర్తుంచుకోవాలి.

ఆ పార్టీ తర్వాత ఒక జర్మన్ కుటుంబం తిరిగి పిలిచింది. ఏడాది మొత్తంలో వచ్చిన మొదటి పిలుపు అది.

పెద్దవాళ్ళ రాకపోకలు

ఎప్పుడైనా మా ఇంటికి రండి అంటే ఇక్కడ అది పిలుపు కిందికి రాదు. తేదీ, వేళ చెప్పాలి. భోజనం కన్నా మధ్యాహ్నం మూడున్నరకు కాఫీ, కేకు తేలిక, రెండు గంటల్లో ముగుస్తుంది. బంగాళాదుంప బజ్జీ ఒకటి చేర్చుకోవచ్చు. వద్దు అన్నాక మళ్ళీ వడ్డించవద్దు. అలాగే మీరు అతిథిగా వెళ్ళి మర్యాదకు వద్దండి అంటే వాళ్ళు మళ్ళీ అడగరు. ఎంతోమంది తెలుగువాళ్ళు ఇలా ఆకలితో తిరిగొచ్చి ఇంట్లో పెరుగన్నం తింటారు. మొదటిసారే తీసుకోవాలి. పెద్దావిడను ఆంటీ అనొద్దు, ఫ్రావ్ (శ్రీమతి) చేర్చి ఇంటిపేరుతో పిలవాలి. ఏకవచనంలోకి మారడం పెద్దవాళ్ళు ముందు ప్రతిపాదించాలి.

స్నేహం కన్నా ముందు ఇచ్చిపుచ్చుకోవడాలు. పక్కింటివాళ్ళ పార్సిల్ తీసి ఉంచడం ఇక్కడ మామూలే. పగలు ఇంట్లో ఉండే ఈమె ఆరిళ్ళ పార్సిళ్ళూ తీసుకోవడం మొదలుపెట్టింది. నెల తిరిగేసరికి భవనంలో ఆమె పేరు తెలియనివాళ్ళు లేరు. కీటాలో తల్లిదండ్రుల ప్రతినిధిగా నిలబడమని మేం చెప్పలేదు, అంత భాష ఇంకా లేదు. నవంబర్‌లో పిల్లలు లాంతర్లు పట్టుకుని తిరిగే సెయింట్ మార్టిన్ ఊరేగింపు రోజున వేడి పళ్ళరసం పోసే బల్ల దగ్గర గంటన్నర డ్యూటీ జాబితాలో పేరు రాయించాం. ఈ దేశంలో పరిచయాలు కూర్చుని మాట్లాడుకుంటే కలగవు, పక్కపక్కన నిలబడి పనిచేస్తే కలుగుతాయి. పిల్లల జిమ్నాస్టిక్స్ నడిపే ఊరి క్రీడాసంఘంలోనూ ఇంతే. చందా కట్టినవాళ్ళు చాలామంది, వేసవి ఉత్సవంలో కేకుల బల్ల దగ్గర నిలబడేవాళ్ళు కొద్దిమంది. గుర్తుండేది ఆ కొద్దిమందే.

భర్త విషయంలో ఫలితం తక్కువ. అతను ఆడే క్రికెట్ జట్టులో ఆఫ్ఘన్, పాకిస్తానీ, శ్రీలంక ఆటగాళ్ళున్నారు. మంచి స్నేహాలే, కానీ మాట్లాడేది హిందీ, ఉర్దూ, ఇంగ్లీషు. జట్టును నమోదైన సంఘంగా మార్చాలనుకున్నప్పుడు అవసరం వచ్చింది. అలా నమోదు చేయాలంటే కనీసం ఏడుగురు సభ్యులు, నియమావళి, సమావేశపు మినిట్స్ కావాలి. మైదానం కోసం మున్సిపాలిటీతో రాతకోతలన్నీ జర్మన్‌లోనే. ఇప్పుడు ఆ బాధ్యత అతనిదే, దానికోసమే సాయంత్రం తరగతిలో చేరాడు. బ్లూ కార్డ్ వాళ్ళకు బీ1 (మధ్యస్థాయి జర్మన్) ఉంటే 21 నెలలకు, ఏ1 అయితే 27 నెలలకు శాశ్వత నివాసం వస్తుందని అతనికి ముందే తెలుసు. ఆ లెక్క అతన్ని క్లాసుకు కదిలించలేదు, మైదానం కదిలించింది.

ఇది వివక్షా కాదా

ప్రతి ఫిర్యాదునూ మన తప్పుగా చూడమని చెప్పడం అన్యాయం. పేరు చూసి ఇల్లు చూపించకపోవడం, కీటాలో పిల్ల రంగు గురించి మాట, ఉద్యోగానికి మూలం చూసి నిరాకరించడం నిజంగా జరుగుతాయి. మేం వాడే పరీక్ష సూటిగా ఉంటుంది: ఇదే నియమం భవనంలో మిగతా ఐదు ఇళ్ళకూ వర్తిస్తోందా? వర్తిస్తే సర్దుకోవాల్సిన విషయం. మీకొక్కరికే అయితే తేదీ, వేళ, అన్న మాటలు, సాక్షి అన్నీ ఆరోజే రాసిపెట్టుకోవాలి. 2006 నాటి సమాన వ్యవహార చట్టం కింద హక్కు కోరడానికి గడువు రెండు నెలలే. తెలుగు గ్రూపులో చర్చించుకుంటుండగానే ఆ గడువు దాటిపోతుంది. ముందు వివక్ష వ్యతిరేక సలహా కేంద్రానికి వెళ్ళాలి. ఈ కేసులో మూడు ఫిర్యాదులూ అందరికీ వర్తించేవే.

ప్రస్తుత స్థితి

స్నేహితులు ఎంతమంది అని మేం లెక్కపెట్టం. రెండు కాగితాలు చూస్తాం. ఒకటి, కీటా నుంచి పాపను తీసుకెళ్ళే అధికారం ఉన్నవాళ్ళ జాబితా. మొదట అందులో తల్లిదండ్రులు కాక ఒక తెలుగు పేరు మాత్రమే ఉండేది. ఇప్పుడు ఆ టర్కిష్ అమ్మాయి పేరూ తిరిగి పిలిచిన జర్మన్ కుటుంబం పేరూ చేరాయి. రెండోది, ఇండియా వెళ్ళినప్పుడు తాళంచెవి ఎవరి దగ్గర ఉంది అన్నది. ఇప్పుడు ఎదురింటావిడ దగ్గర ఉంది. ఉత్తరాల పెట్టె ఖాళీ చేసేదీ ఆవిడే. ప్రభుత్వ ఉత్తరాలకు అభ్యంతరం చెప్పే గడువు తరచుగా నెల రోజులే కాబట్టి ఇది చిన్న సహాయమేమీ కాదు.

మిగిలిన పనులు రెండు. భార్య ఇంటిగ్రేషన్ కోర్సులో (కొత్తగా వచ్చినవాళ్ళకు జర్మన్ భాష, దేశం గురించి నేర్పే కోర్సు) 600 పీరియడ్ల భాషాభాగం మధ్యలో ఉంది, దాని తర్వాత 100 పీరియడ్ల దేశ పరిచయ భాగం. పాప ఇంట్లో తెలుగులో అడిగితే జర్మన్‌లో జవాబు చెబుతోంది. దానికి తెలుగు వలయమే మందు. పెద్దల విందులకు కాదు, పిల్లలు పిల్లలతో తెలుగులో ఆడుకునే వారాంతాలకు ఆ రెండు వారాంతాలూ మళ్ళించమని చెప్పాం. వచ్చే సెప్టెంబరులో బడి. బడి మొదలయ్యాక సెలవులు కాని రోజుల్లో ఇండియా ప్రయాణం కుదరదు, అనుమతి లేకుండా మానిపిస్తే జరిమానా పడుతుంది. కాబట్టి సంక్రాంతి ప్రయాణాన్ని క్రిస్మస్ సెలవుల్లోకి మార్చుకుని టికెట్లు ఇప్పుడే చూసుకోమన్నాం.